హాలీవుడ్ చరిత్ర సినిమాలో నిజమెంతో మనమే తేల్చుకోవడం ఎలా: అంచెలంచెలుగా పూర్తి పద్ధతి

"నిజంగా జరిగిన కథ ఆధారంగా" అని తెర మీద పడితే చాలు, సినిమా అయ్యాక ఒకటే ప్రశ్న: ఇది నిజంగా ఇలాగే జరిగిందా? నన్ను ఈ మాట అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. ఫలానా సినిమా మీద నా తీర్పు వాళ్లకు అక్కర్లేదు. తామే తేల్చుకునే దారి చెప్పమంటారు.

నెట్‌లో వెతికితే "ఈ సినిమాలో పాతిక తప్పులు" లాంటి జాబితాలు దొరుకుతాయి. అందులో ఇరవై చొక్కా బొత్తాల గురించీ, జెండా మీద చుక్కల గురించీ ఉంటాయి. కోడిగుడ్డు మీద ఈకలు పీకే పని అది. ఒకరు చేసిన పనిని సినిమా ఇంకొకరి ఖాతాలో వేసిందా, జరిగినదానికి కారణాన్ని మార్చిందా అన్నది ఆ జాబితాల్లో సాధారణంగా కనపడదు. మనం వెతకాల్సింది దాన్నే.

ఒక సినిమాకు తీరిగ్గా ఒక శని, ఆదివారం కేటాయించండి.

1. సినిమా మొత్తాన్ని కాదు, ఒక ప్రశ్నను పట్టుకోండి

"ఈ సినిమా చరిత్రకు కట్టుబడి ఉందా?" అని మొదలుపెడితే ఎక్కడా తేలరు. రెండున్నర గంటల సినిమాలో తనిఖీ చేయదగ్గ విషయాలు వందలు ఉంటాయి. వాటిలో ఒకటి, మహా అయితే రెండు ప్రశ్నలు ఎంచుకోండి.

బాగా పనికొచ్చే ప్రశ్నలు మూడు రకాలు:

- ఈ పని నిజంగా ఎవరు చేశారు?
- ఇవి ఏ వరసలో, ఎంత వ్యవధిలో జరిగాయి?
- ఇలా జరగడానికి అసలు కారణమేంటి?

దుస్తులు, యాస, ఫర్నిచరు అన్నీ వీటి తర్వాతే. మీకు ఆ రంగంలో ప్రత్యేక పరిచయం ఉంటే తప్ప వాటి జోలికి వెళ్లకండి.

"ఆధారంగా", "స్ఫూర్తితో" అన్న మాటలను చూసి ముందే ఒక అభిప్రాయానికి రావద్దు. వాటికి కొలతంటూ ఏమీ లేదు. అలాగే చివరి కార్డుల దాకా కూర్చోండి. 2000లో వచ్చిన "యు-571"లో రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నావికులు జర్మన్ జలాంతర్గామి నుంచి ఎనిగ్మా అనే రహస్య సంకేతాల యంత్రాన్ని కొట్టుకొస్తారు. ఆ యంత్రాలను, కోడ్ పత్రాలను నిజంగా పట్టుకున్న ఓడల పేర్లు సినిమా చివర తెర మీద పడతాయి, వాటిలో బ్రిటిష్ ఓడలూ ఉన్నాయి. అప్పటికి హాల్లో సగంమంది చెప్పులు వెతుక్కుంటుంటారు.

2. చేతిలో ఉండాల్సినవి

- సినిమా, ఇంగ్లీష్ ఆడియోతో, వెనక్కీ ముందుకీ జరుపుకునే వీలుతో
- ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్
- ఒక నోట్‌బుక్, ప్రతి పేజీలో మూడు నిలువు గళ్లు: నిమిషం, సినిమా ఏం చెప్పింది, రికార్డు ఏం చెప్పింది
- ఒక కాగితం మీద నిజ సంఘటనల తేదీల వరస. దీన్ని సినిమా రెండోసారి చూసే ముందే తయారు చేసుకోవాలి
- సినిమాకు మూలమైన పుస్తకం ఏదో తెలిసి ఉండాలి (టైటిల్స్‌లో "బేస్డ్ ఆన్ ద బుక్" దగ్గర ఆపి రాసుకోండి)

3. రెండుసార్లు చూడండి, రెండోసారి డబ్బింగ్ వద్దు

మొదటిసారి కాగితం ముట్టుకోకుండా చూడండి. మీ గుండె ఎక్కడ వేగంగా కొట్టుకుందో అది మాత్రం గుర్తుపెట్టుకోండి. అనుభవంతో చెబుతున్నా, కల్పన ఎక్కువగా దాక్కునేది సరిగ్గా అక్కడే. విమానం రన్‌వే మీద ఉండగా వెనక జీపులు తరుముకొస్తుంటే, ఆఖరి నిమిషంలో ఫోన్ మోగితే, ఆ నిమిషం రాసిపెట్టుకోండి.

రెండోసారి అలాంటి చోట్ల ఆపి, డైలాగును మాటకు మాట రాయండి. ఇక్కడే డబ్బింగ్ కొంప ముంచుతుంది.

"అపోలో 13" (1995) తీసుకుందాం. 1970 ఏప్రిల్ 13న వ్యోమనౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. సినిమాలో కమాండర్ జిమ్ లోవెల్ పాత్ర అనే మాట: "హ్యూస్టన్, వీ హావ్ ఎ ప్రాబ్లమ్." నాసా దగ్గరున్న సంభాషణ ప్రతిలో ముందు మాట్లాడింది తోటి వ్యోమగామి జాక్ స్వైగర్ట్: "ఓకే హ్యూస్టన్, వీ హావ్ హాడ్ ఎ ప్రాబ్లమ్ హియర్." కింద హ్యూస్టన్‌లోని నాసా నియంత్రణ కేంద్రం నుంచి "మళ్లీ చెప్పండి" అన్నారు. అప్పుడు లోవెల్ అన్నది: "హ్యూస్టన్, వీ హావ్ హాడ్ ఎ ప్రాబ్లమ్."

తేడా ఒక్క "హాడ్". దాన్ని తీసేయడంతో "సమస్య వచ్చింది" కాస్తా "సమస్య ఉంది" అయింది, సీను ఉత్కంఠ ఒక మెట్టు పెరిగింది. ఇప్పుడు దీన్ని తెలుగులో చెప్పి చూడండి: "హ్యూస్టన్, మాకో సమస్య వచ్చింది." రెండు ఇంగ్లీష్ వాక్యాలకూ ఇదే అనువాదం అతుకుతుంది. తెలుగు డబ్బింగ్ మీద ఆధారపడి ఉంటే ఆ తేడా మీ కంటికి కనపడేదే కాదు. నేను ఒకసారి ఇలాగే ఇంకో సినిమాలో డబ్బింగ్ రచయిత మాటను దర్శకుడి తప్పుగా రాసి, తర్వాత నాలుక కరుచుకున్నాను.

4. సీనును ఒక వాక్యంగా మార్చండి

"ఆ సీను అతిగా ఉంది" అన్నది అభిప్రాయం, దాన్ని తనిఖీ చేయలేం. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు అన్నవి ఉన్న వాక్యం రాయండి.

ఉదాహరణకు "ఆర్గో" (2012). ఇరాన్‌లో చిక్కుకుని కెనడావాళ్ల ఇళ్లలో దాక్కున్న అమెరికన్లను, సినిమా బృందమని నమ్మించి అమెరికా గూఢచార సంస్థ సీఐఏ బయటికి తెచ్చిన కథ ఇది. దాని క్లైమాక్స్ నుంచి మూడు వాక్యాలు:

- 1980లో టెహ్రాన్ విమానాశ్రయంలో ఆరుగురు అమెరికన్ దౌత్యవేత్తలను కాపలాదారులు ఆపి గట్టిగా ప్రశ్నించారు.
- విమానం టిక్కెట్లు ఆఖరి నిమిషంలో ఖరారయ్యాయి.
- వాళ్ల విమానాన్ని రన్‌వే మీద సాయుధులు వాహనాల్లో వెంబడించారు.

ఇలా విడగొట్టాక ఒక్కోదానికి జవాబు వెతకడం చాలా తేలిక. మూడూ జరగలేదు. ఆపరేషన్ నడిపిన సీఐఏ అధికారి టోనీ మెండెజ్ సొంత కథనం ప్రకారం విమానాశ్రయంలో పని సాఫీగా సాగింది. యాంత్రిక లోపం వల్ల విమానం ఆలస్యం కావడమే వాళ్లకెదురైన గండం. టిక్కెట్లు కెనడా రాయబార కార్యాలయం వాళ్లు ముందే కొని పెట్టారు. తమాషా ఏంటంటే, ఆ స్విస్ విమానం పేరు "ఆర్గావ్", అది స్విట్జర్లాండ్‌లో ఒక ప్రాంతం పేరు. సీఐఏ అల్లిన దొంగ సినిమా పేరు "ఆర్గో"తో కలవడం శుద్ధ కాకతాళీయం. సినిమాలో పెట్టి ఉంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

5. ఆధారాలను ఈ వరసలో వెతకండి

ఇదే ఎక్కువ సమయం పట్టే మెట్టు. చాలామంది వికీపీడియాలో "చారిత్రక ఖచ్చితత్వం" భాగం చదివి ఆపేస్తారు. అది మొదలు పెట్టడానికి మంచి చోటే. కానీ అక్కడ ఇచ్చిన ఆధారం తెరిచి చదవకుండా ఒక్క ముక్క కూడా వాడొద్దు.

మొదట మూల పుస్తకం. "అపోలో 13"కి లోవెల్, జెఫ్రీ క్లూగర్ 1994లో రాసిన పుస్తకం, "ఓపెన్‌హైమర్" (2023)కి కాయ్ బర్డ్, మార్టిన్ షెర్విన్ 2005లో రాసిన జీవిత చరిత్ర మూలాలు. సినిమాలో ఉన్నది పుస్తకంలోనే ఉంటే ఆ తప్పొప్పులు పుస్తకానివి. పుస్తకంలో లేనిది సినిమాలో ఉంటే అది సినిమావాళ్ల నిర్ణయం. ఈ రెండూ వేరు వేరు కేసులు.

తర్వాత ఆ కాలంలోనే పుట్టిన రికార్డు. హాలీవుడ్ ఇష్టపడే 20వ శతాబ్దపు కథలకు ఇవి ఇంట్లో కూర్చునే దొరుకుతాయి:

- నాసా ప్రయాణాల సంభాషణ ప్రతులు
- 1912 టైటానిక్ ప్రమాదం మీద అమెరికా సెనెట్, బ్రిటన్ జరిపిన విచారణల వాంగ్మూలాలు
- అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ మీద 1954లో జరిగిన భద్రతా విచారణ (కోతలు లేని ప్రతి 2014లో బయటికొచ్చింది)
- అమెరికా కాంగ్రెస్ చర్చలు, ఓటింగ్ వివరాలు

ఓటింగ్ రికార్డు ఎంత పనికొస్తుందో "లింకన్" (2012) చూపిస్తుంది. బానిసత్వాన్ని రద్దు చేసే అమెరికా రాజ్యాంగపు 13వ సవరణ 1865 జనవరి 31న ప్రతినిధుల సభలో 119–56తో నెగ్గింది. సినిమాలో కనెటికట్ సభ్యులిద్దరు వ్యతిరేకంగా ఓటేస్తారు. నిజానికి ఆ రాష్ట్ర సభ్యులు నలుగురూ అనుకూలంగానే వేశారు. 2013లో అదే రాష్ట్ర ప్రతినిధి జో కోర్ట్నీ ఈ సంగతి పట్టుకుని లేఖ రాశాడు. ఓట్లను తామే మార్చామని రచయిత టోనీ కుష్నర్ ఒప్పుకున్నాడు. పోటీ ఎంత హోరాహోరీగా ఉందో చూపడానికట. ఇదేమీ పరిశోధకుడు తవ్వి తీసిన రహస్యం కాదు. అచ్చులో ఉన్న ఓటింగ్ పట్టికను చూసి ఎవరైనా పట్టుకోగలిగింది.

మూడోది చరిత్రకారుల రచనలు. ఒక్కరివి కాదు, కనీసం ఇద్దరివి. వాళ్లిద్దరూ విభేదిస్తే "ఇది వివాదంలో ఉంది" అని రాసుకోండి, అంతటితో వదిలేయండి.

చివరగా ఆ మనుషులు ఏళ్ల తర్వాత చెప్పిన జ్ఞాపకాలు, వారసుల మాటలు. విలువైనవే, కానీ జ్ఞాపకం అంటే జ్ఞాపకమే.

ప్రాచీన కాలం కథలకు ఈ వరస పనిచేయదు. అక్కడ సంభాషణ ప్రతులుండవు. మిగిలిన రెండు మూడు పాత గ్రంథాలను ఎవరు, ఎన్నేళ్ల తర్వాత రాశారన్నదే కీలకం. "గ్లాడియేటర్" (2000)లో కొమోడస్ తన తండ్రి, రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్‌ను ఊపిరాడకుండా చేసి చంపుతాడు. పచ్చి కల్పన అని కొట్టేయబోతాం. కానీ ఆ కాలంలోనే బతికిన చరిత్రకారుడు కాషియస్ డియో, చక్రవర్తి రోగంతో పోలేదనీ, కొమోడస్ మెప్పు కోసం వైద్యులే ఆ పని చేశారని తాను విన్నాననీ రాశాడు. అంటే సీను కల్పితం, దాని వెనకున్న అనుమానం మాత్రం 1,800 ఏళ్ల నాటిది. నోట్‌బుక్‌లో "అబద్ధం" అని రాయకుండా "పాత వదంతికి కొత్త రూపం" అని రాయాల్సిన చోటు ఇది.

"బ్రేవ్‌హార్ట్" (1995) సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఆ కథకు ముఖ్యమైన మూలం బ్లైండ్ హ్యారీ అనే కవి 15వ శతాబ్దంలో రాసిన కావ్యం. కథానాయకుడైన స్కాట్లండ్ వీరుడు విలియం వాలెస్‌ను ఉరితీసింది 1305లో. నడుమ నూటడెబ్బై ఏళ్లు! పల్నాటి వీరచరిత్ర చదివి యుద్ధం తేదీలు లెక్కగట్టడం లాంటిది అది. కావ్యంగా గొప్పది కావచ్చు, సాక్ష్యంగా బలహీనం.

6. సినిమా తీసే నాటికి ఏం తెలుసో చూడండి

చిన్న మెట్టే, కానీ దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

టైటానిక్ మీద 1958లో వచ్చిన బ్రిటిష్ సినిమాలో ఓడ రెండుగా విరగకుండా నిటారుగా మునుగుతుంది. 1997 సినిమాలో విరుగుతుంది. 1958 వాళ్లు తప్పు చేశారా? ఓడ విరిగిందని కొందరు ప్రాణాలతో బయటపడ్డవాళ్లు చెప్పినా, బ్రిటిష్ విచారణ అది ముక్కలు కాకుండానే మునిగిందని తేల్చింది. సముద్రం అడుగున రెండు ముక్కలు కనపడింది 1985లో. సినిమా విడుదలైన ఏడాదికి ఉన్న జ్ఞానంతోనే దాన్ని తూచాలి.

7. ఒక సినిమా మీద పూర్తిగా చేసి చూద్దాం

"హిడెన్ ఫిగర్స్" (2016) ఎంచుకున్నాను. మూలం మార్గో లీ షెటర్లీ పుస్తకం. నాసాకు చెందిన వర్జీనియాలోని లాంగ్లీ కేంద్రంలో లెక్కలు కట్టిన ముగ్గురు నల్లజాతి మహిళల కథ. నా ప్రశ్న ఒక్కటే: వాళ్లకు అడ్డంకులు ఎవరి వల్ల తొలగాయి?

వాక్యం 1: 1961 ప్రాంతంలో కాథరిన్ జాన్సన్ మూత్రశాల కోసం ప్రాంగణం ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తేది.
రికార్డు: పుస్తకం ప్రకారం ఆమె తెల్లవాళ్ల మూత్రశాలనే వాడింది, ఎవరో అభ్యంతరం చెప్పినా పట్టించుకోలేదు. మూత్రశాల వెతుక్కోవాల్సి వచ్చి అవమానపడింది మేరీ జాక్సన్.
తేలింది: అనుభవం నిజం, మనిషి మారింది.

వాక్యం 2: అధికారి అల్ హ్యారిసన్ మూత్రశాల మీది "కలర్డ్" (నల్లవాళ్లకు) అన్న బోర్డును పగలగొట్టాడు.
రికార్డు: అల్ హ్యారిసన్ అనే మనిషే లేడు, కొందరు ఉన్నతాధికారులను కలిపి చేసిన పాత్ర అది. బోర్డు పగలగొట్టడం జరగలేదు. 1958లో నాసా ఏర్పడినప్పుడే అక్కడ నల్లవాళ్లకు వేరు విభాగాలు రద్దయ్యాయి.
తేలింది: కల్పన, పైగా మూడేళ్ల కాలదోషం.

వాక్యం 3: డొరొతీ వాన్‌కు 1961 దాకా సూపర్‌వైజర్ హోదా ఇవ్వలేదు.
రికార్డు: 1949 నుంచే ఆమె నల్లజాతి మహిళలు లెక్కలు కట్టే వెస్ట్ ఏరియా కంప్యూటింగ్ విభాగానికి అధిపతి.
తేలింది: పన్నెండేళ్లు ఆలస్యంగా చూపారు.

వాక్యం 4: జాన్ గ్లెన్ తన అంతరిక్ష ప్రయాణానికి ముందు, యంత్రం వేసిన లెక్కలను కాథరిన్ చేత సరిచూడమన్నాడు.
రికార్డు: నిజం. "ఆ అమ్మాయి చేత చూపించండి" అన్నట్టే ఉంది. కాకపోతే సినిమాలోలాగా రాకెట్ సిద్ధంగా నిలబడి ఉండగా కాదు, కొన్ని రోజుల ముందు. ఆ లెక్కకు ఆమెకు ఒకటిన్నర రోజు పట్టింది. గ్లెన్ బయలుదేరింది 1962 ఫిబ్రవరి 20న.
తేలింది: సారం నిజం, సమయం కుదించారు.

ఇప్పుడు నాలుగు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడండి. "నాలుగింట ఒకటే నిజం, 25 శాతం" అని లెక్కగట్టొద్దు. నాలుగోది సినిమా ఎత్తిన అతి పెద్ద మాట, అది నిలబడింది. నాకు ఇబ్బందిగా అనిపించేది రెండోది. నిజ జీవితంలో కాథరిన్ ఎవరి అనుమతీ అడక్కుండా తానే పట్టించుకోవడం మానేసింది. సినిమాలో ఆ ధైర్యాన్ని సుత్తి పట్టుకున్న ఒక కల్పిత తెల్ల అధికారి చేతికిచ్చారు. నేను ఎంచుకున్న ప్రశ్నకు జవాబు సరిగ్గా ఇక్కడ తలకిందులైంది.

ముందే ప్రశ్న ఒకటి పెట్టుకోమన్నది ఇందుకే. ప్రశ్న లేకపోతే ఈ నాలుగూ ఒకే బరువున్న తప్పుల్లా కనపడేవి.

8. మార్పులకు బరువు కట్టండి

నోట్‌బుక్‌లో ప్రతి తేడా పక్కన ఈ గుర్తుల్లో ఒకటి వేయండి.

తేలిక: వస్తువులు, దృశ్యాలు. "ఓపెన్‌హైమర్"లో 1945 నాటి సంబరాల్లో 50 చుక్కల అమెరికా జెండాలు ఊపుతారు, అప్పటికి చుక్కలు 48. 1997 "టైటానిక్"లో ఆకాశంలో నక్షత్రాలు ఆ రాత్రివి కావని ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ వెంటపడితే, 2012 త్రీడీ విడుదలకు దర్శకుడు వాటిని మార్చాడు. సరదా కబుర్లే, తీర్పులో మాత్రం వీటికి ఒక్క వాక్యం మించి ఇవ్వకండి.

మధ్యస్థం: కాలాన్ని కుదించడం, ఇద్దరు ముగ్గుర్ని ఒకరుగా చేయడం. తండ్రి పోయాక కొమోడస్ 12 ఏళ్లకు పైగా, క్రీ.శ. 192 చివరి రోజు దాకా ఏలాడు. "గ్లాడియేటర్"లో ఆ కాలం గడిచినట్టే ఉండదు. సినిమాకు ఇది తప్పదు, ఆ కుదింపు వల్ల కారణం మారిందా అన్నదే చూడాలి.

బరువు: కారణం మారడం. 1297లో స్టిర్లింగ్ దగ్గర స్కాట్లు గెలిచింది ప్రధానంగా ఒక ఇరుకు వంతెన వల్ల. ఇంగ్లీష్ సైన్యం దాని మీదుగా కొద్దికొద్దిగా దాటుతుంటే సగంలో విరుచుకుపడ్డారు. "బ్రేవ్‌హార్ట్"లో ఆ యుద్ధం ఉంది, వంతెన లేదు! వ్యూహంతో దక్కిన గెలుపు కాస్తా రోషంతో దక్కిన గెలుపైంది. అందరూ ఎత్తిచూపే కిల్టులు (స్కాట్ల గళ్ల పావడాలు) దీని ముందు ఎంత? అదే సినిమాలో వాలెస్‌తో ప్రేమలో పడే రాకుమారి ఇసబెల్లాకు అతను చనిపోయేనాటికి పదేళ్ల వయసు, ఆమె ఇంకా ఇంగ్లండ్‌లో కాలే పెట్టలేదు.

మహా బరువు: ఒకరి కష్టం ఇంకొకరి ఖాతాలో పడటం, లేదా బతికున్న వంశం ఉన్న మనిషి మీద నింద వేయడం. ఎనిగ్మా యంత్రాన్ని జర్మన్ జలాంతర్గామి యు-110 నుంచి పట్టుకున్నది 1941 మేలో, బ్రిటిష్ ఓడ బుల్‌డాగ్ సిబ్బంది. అమెరికా యుద్ధంలోకి దిగింది ఆ డిసెంబర్‌లో. అందుకే "యు-571" మీద బ్రిటిష్ పార్లమెంటులోనే నిరసన వినిపించింది. "ఆర్గో"లో ఆ ఆరుగుర్ని బ్రిటిష్ వాళ్లు తరిమేశారన్నట్టు ఒక మాట ఉంది, నిజానికి వాళ్లు కొందరికి ఒక రాత్రి చోటిచ్చారు. నెలలపాటు ఇంట్లో దాచిన కెనడావాళ్ల పాత్రను తగ్గించారని అప్పటి రాయబారి కెన్ టేలర్ నొచ్చుకుంటే, చివరి కార్డును మార్చారు. "టైటానిక్"లో అధికారి మర్డోక్ ప్రయాణికుల్ని కాల్చి తానూ కాల్చుకుంటాడు. దానికి నిలిచే రుజువు లేదు. స్కాట్లండ్‌లో అతని సొంతూరు వాళ్లు గొడవ చేశాక, స్టూడియో ప్రతినిధి వెళ్లి ఆ ఊరి బడికి 5,000 పౌండ్లు ఇచ్చి వచ్చాడు.

9. తరచూ పప్పులో కాలేసే చోట్లు

సినిమానే దానికి సాక్ష్యంగా వాడటం. "అపోలో 13"లో నాసా ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ పాత్ర అనే "ఫెయిల్యూర్ ఈజ్ నాట్ యాన్ ఆప్షన్" అన్న మాట సినిమా కోసం పుట్టింది. రచయితలు జెర్రీ బోస్టిక్ అనే నాసా ఇంజినీరుతో మాట్లాడాక దాన్ని తయారు చేశారు. ఆ మాట క్రాంజ్‌కు ఎంత నచ్చిందంటే 2000లో తన ఆత్మకథకు అదే పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు "చూడండి, ఆయన పుస్తకం పేరే అది" అని రుజువు చూపేవాళ్లున్నారు.
సరిచేసుకోవడం: ఆధారం పుట్టిన తేదీ సినిమా విడుదల తేదీకి ముందుందో తర్వాతుందో చూడండి.

"అన్నాడు", "అనుకున్నాడు", "అనుకున్నానని తర్వాత చెప్పాడు" మూడింటినీ కలిపేయడం. ఇది మన ఇళ్లలో బాగా నలిగిన ఉదాహరణ. 1945 జూలై 16న మొదటి అణు పరీక్ష సమయంలో ఓపెన్‌హైమర్ గీతా శ్లోకం చదివాడని చాలామంది చెప్పేస్తుంటారు. 1965లో టీవీ కెమెరా ముందు ఆయన అన్నది, "నౌ ఐ యామ్ బికమ్ డెత్, ద డిస్ట్రాయర్ ఆఫ్ వరల్డ్స్" అన్న గీతా వాక్యం తనకు గుర్తుకొచ్చిందని. పక్కనే ఉన్న తమ్ముడు ఫ్రాంక్‌కు గుర్తున్న మాట "పనిచేసింది" అని మాత్రమే. సినిమా కూడా ఆ చోట శ్లోకాన్ని పైకి అనిపించదు, మనసులో మాటగా వినిపిస్తుంది. ఈ విషయంలో సినిమా కంటే సినిమా గురించి చెప్పుకునే కబుర్లే ఎక్కువ దారి తప్పాయి. ఇంకొకటి, ఆయన "డెత్" అన్నది 11వ అధ్యాయం 32వ శ్లోకంలోని "కాలోఽస్మి". మన ఇంట్లో ఉన్న గీత తీసి చూసుకోవచ్చు. కాలం అంటే మృత్యువనే అర్థమూ ఉంది కాబట్టి అది తప్పు అనువాదం అనలేం. ఆయన బర్క్లీలో ఆర్థర్ రైడర్ దగ్గర సంస్కృతం చదువుకున్నవాడు కూడా.
సరిచేసుకోవడం: క్రియాపదాన్ని మూలంలో ఉన్నది ఉన్నట్టే రాసుకోండి.

రికార్డులో లేదు కాబట్టి జరగలేదనడం. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు ఏం మాట్లాడుకున్నారో ఎవరికి తెలుసు?
సరిచేసుకోవడం: "ఆధారం లేదు", "ఆధారానికి విరుద్ధం" అని రెండు వేరు గుర్తులు పెట్టుకోండి. మొదటిది రచయిత స్వేచ్ఛ. రెండోదాన్నే తప్పు అనాలి.

దర్శకుడి ఇంటర్వ్యూను కడిగిన ముత్యంలా నమ్మడం. విడుదలకు ముందు ఇచ్చినవి ప్రచారం. గొడవయ్యాక ఇచ్చినవి సంజాయిషీ. అయితే మార్పును వాళ్లే ఒప్పుకుంటే మాత్రం అది పనికొస్తుంది. "ఓపెన్‌హైమర్"లో అణు విస్ఫోటనం వాతావరణాన్ని అంటిస్తుందేమోనని ఆయన ఐన్‌స్టీన్ దగ్గరికి వెళ్తాడు. నిజంగా వెళ్లింది భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ దగ్గరికి. ప్రేక్షకులకు తెలిసిన మొహం కావాలని ఐన్‌స్టీన్‌ను పెట్టానని దర్శకుడు నోలన్ తానే చెప్పాడు.

నచ్చిన సినిమాకు ఒక తూకం, నచ్చనిదానికి ఒక తూకం. దీనికి నా దగ్గరా మందు లేదు. "అపోలో 13" అంటే నాకు ప్రాణం. వ్యోమగాములు ఫ్రెడ్ హేజ్, స్వైగర్ట్ గొడవపడే సీను కల్పితమని తెలిసినా దాన్ని "మధ్యస్థం" గడిలోనే వేశాను. స్వైగర్ట్ 1982లోనే పోయాడు, సినిమా చూసి జవాబు చెప్పుకునే వీలు లేదు. "బరువు" గడిలోకి మార్చాలేమో.

10. తీర్పు రాయడం

మార్కులు, నక్షత్రాలు, శాతాలు వద్దు. నాలుగు చిన్న పేరాలు చాలు: మీ ప్రశ్న, నిలబడినవి, మారినవి (బరువు వరసలో), ఆ మార్పుల వల్ల ప్రేక్షకుడు ఏ తప్పు నమ్మకంతో బయటికొస్తాడు.

ముగించే ముందు ఒకసారి చూసుకోండి:

- ప్రతి వాక్యంలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ఉన్నాయా?
- డైలాగు ఇంగ్లీష్ ఆడియో నుంచే రాశానా?
- ప్రతి "తప్పు" పక్కన, సినిమాకు ముందే పుట్టిన ఆధారం కనీసం ఒకటైనా ఉందా?
- పుస్తకం చేసిన మార్పు, సినిమా చేసిన మార్పు విడివిడిగా చెప్పానా?
- సినిమా సరిగ్గా చూపినదాన్ని కూడా రాశానా? ("అపోలో 13"లో గాలిని శుద్ధి చేసే చతురస్రపు డబ్బాను గుండ్రటి కంతకు అట్టముక్కలు, ప్లాస్టిక్ సంచులు, టేపుతో అతికించడం నమ్మశక్యంగా ఉండదు. అది అక్షరాలా జరిగింది.)
- తేలికపాటి తప్పులు ఒక్క వాక్యం దాటాయా? దాటితే కొట్టేయండి.

నమూనాగా "ఆర్గో" మీద నా నోట్‌బుక్‌లో ఉన్నది ఇంతే:

"ప్రశ్న: ఆ ఆరుగుర్ని ఎవరు కాపాడారు? నిలబడినవి: దొంగ సినిమా కంపెనీ పెట్టడం, కెనడా పాస్‌పోర్టులు, మెండెజ్ టెహ్రాన్ వెళ్లడం. మారినవి: కెనడా వాటా తగ్గింది, బ్రిటిష్ వాళ్లకు చెడ్డపేరు వచ్చింది, విమానాశ్రయంలో ఉత్కంఠ మొత్తం కల్పన. నమ్మకం: ప్రేక్షకుడు సీఐఏ ఒంటిచేత్తో చేసిన పనిగా గుర్తుపెట్టుకుంటాడు. అప్పటి అధ్యక్షుడు కార్టరే 2013లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, ఆలోచనలోనూ అమలులోనూ 90 శాతం కెనడాదేనని చెప్పాడు."